"ఈ నీళ్లు తాగాల్నా, వద్దా?": పరిశోధన చేస్తూనే జనంతో మాట్లాడటం ఎలా

పీహెచ్‌డీ రెండో ఏడులో నీళ్ల నమూనాల కోసం ఎల్బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని మర్రిగూడ మండలంలోని ఒక ఊరికి వెళ్లాను. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ బాధ బాగా ఉన్న ప్రాంతం అది. బోరు దగ్గర ప్లాస్టిక్ సీసా నింపుతుంటే ఒక అవ్వ వచ్చి ఏం చేస్తున్నావని అడిగింది. గ్రానైట్ శిలల గురించి, భూగర్భజలాల రసాయన స్వభావం గురించి ఐదు నిమిషాలు చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అదంతా సరే బిడ్డా, ఈ నీళ్లు తాగాల్నా, వద్దా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఫలితం వచ్చాక జర్నల్‌కు పంపాలని నాకు తెలుసు. ఆ ఫలితం తిరిగి ఆమె దాకా చేరే దారి మాత్రం నా ప్లాన్‌లో ఎక్కడా లేదు.

ఆ తర్వాత నేర్చుకున్నది ఇక్కడ వరుసగా పెడుతున్నాను. తార్నాక, హబ్సిగూడ, గచ్చిబౌలి, పటాన్‌చెరు, కంది, ఎక్కడి లాబ్‌లో ఉన్నా మన హైదరాబాద్ నగరంలో పరిశోధన మొదలుపెట్టిన వాళ్ల కోసం ఇది. జనంతో మాట్లాడితే రీసెర్చ్ టైమ్ పోతుందన్న భయం చాలామందికి ఉంటుంది. పద్ధతి లేకుండా చేస్తే నిజంగానే పోతుంది. పద్ధతిగా చేస్తే మీ ప్రశ్న ముందు మీకే స్పష్టమవుతుంది, ఉద్యోగాల వేటలోనూ అది అక్కరకొస్తుంది. అయితే పేపర్లకు ఇది బదులు కాదు. ఆ మాట ముందే చెప్పడం మంచిది.

మొదటి అడుగు: మీ పనిని మూడు తెలుగు వాక్యాల్లో రాయండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. దీన్ని దాటేసి నేరుగా స్లైడ్లు చేసుకోవడానికి కూర్చోవద్దు.

మొదటి వాక్యంలో జనం కంటికి కనిపించే సమస్య ఉండాలి. రెండో దాంట్లో మీరు చేతులతో చేసే పని. మూడో దాంట్లో ఆ పని పూర్తయితే ఇప్పుడు తెలియనిది ఏం తెలుస్తుందో చెప్పాలి. నేను మొదట రాసుకున్నది ఇలా ఉండేది: "గ్రానైటిక్ భూభాగంలో భూగర్భజలాల హైడ్రోజియోకెమికల్ లక్షణాల అధ్యయనం." ఇది థీసిస్ అట్ట మీద బాగానే ఉంటుంది. పది పన్నెండు సార్లు కొట్టేశాక ఇలా తయారైంది:

"కొన్ని ఊళ్లలో బోరు నీళ్లు తాగితే పిల్లల పళ్లకు గార పడుతుంది, పెద్దయ్యాక ఎముకలు వంగిపోతాయి. భూమి లోపల రాతితో నీళ్లు ఎక్కువ కాలం కలిసుంటే రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది కాబట్టి, ఊరూరా బోరు నీళ్లు పట్టుకొచ్చి ఎంత దిగిందో కొలుస్తున్నాను. ఏ లోతులో, ఏ రకం రాతి దగ్గర ప్రమాదం ఎక్కువో తెలిస్తే కొత్త బోరు ఎక్కడ వేయకూడదో ముందే చెప్పొచ్చు."

రాశాక మీ లాబ్‌తో సంబంధం లేని ముగ్గురికి వినిపించండి. హాస్టల్ మెస్‌లో వంట చేసే అన్న, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, ఫోన్‌లో అమ్మ, ఎవరైనా సరే. విన్నాక "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. మన దగ్గర మర్యాద కోసం అందరూ "ఆ, అర్థమైంది" అంటారు. "నేను చేసేది ఏంటో పక్కింటి వాళ్లు అడిగితే మీరేం చెప్తారు?" అని అడగండి. వాళ్లు చెప్తూ చెప్తూ ఆగిన చోటే మీ వాక్యం విరిగింది. అక్కడ మళ్లీ రాయండి.

నాకు మొదటి దెబ్బ "ఫ్లోరైడ్" దగ్గరే తగిలింది. ఆ ఊళ్లలో "ఫ్లోరిన్ నీళ్లు" అంటారు. రసాయన శాస్త్రంలో ఫ్లోరిన్ వేరు, ఫ్లోరైడ్ వేరు. అలాగని వాళ్ల మాటను అక్కడికక్కడే దిద్దుతూ కూర్చుంటే వాళ్లు మాట్లాడటం మానేస్తారు. ముందు వాళ్ల మాటతో మొదలుపెట్టి, మెల్లగా మన మాట పక్కన పెట్టాలి.

రెండో దెబ్బ నా పరిశోధనకే తగిలింది. అదే ఊళ్లో ఒక రైతుకు ఈ మూడు వాక్యాలు చెప్తే, "మరి మా బోరు ఎంత లోతో రాసుకున్నవా?" అని అడిగాడు. చాలా నమూనాలకు నేను లోతు రాసుకోలేదు. లోతు గురించే మాట్లాడుతూ లోతు నమోదు చేయకుండా తిరుగుతున్నాను. తర్వాతి ట్రిప్పు నుంచి ప్రతి బోరు యజమానినీ అడిగి రాసుకున్నాను. ఆ ప్రశ్న రాకపోతే నా థీసిస్‌లో ఒక అధ్యాయం బలహీనంగా మిగిలేది.

మాటల ఎంపిక గురించి ఇక్కడే ఒక సంగతి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైనప్పుడు సైన్స్ పుస్తకాల కోసం ఒక అనువాద సంస్థే పనిచేసింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ పుస్తకాలతో తెలుగులో అలాంటి పనే చేసింది. అంటే ఈ నగరంలో సైన్స్‌ను మన భాషల్లోకి తేవడం వందేళ్లుగా నడుస్తున్న పని. నేను పాటించే పద్ధతి చిన్నది. బడి పుస్తకంలో చదివిన మాట అయితే తెలుగులోనే వాడతాను: కణం, జన్యువు, భూగర్భజలం. ప్రోటీన్, వైరస్, సెన్సర్ లాంటివి జనం ఎలాగూ అలాగే అంటారు, వాటిని వదిలేస్తాను. ఎవరూ వినని సంస్కృత సమాసం తయారుచేయడం కంటే ఆ వస్తువు ఏం చేస్తుందో ఒక వాక్యంలో చెప్పడం మేలు.

రెండో అడుగు: గైడ్‌కు ముందే చెప్పండి

ఇది పది నిమిషాల పని, కానీ తప్పనిసరి. ఎక్కడ, ఎవరితో, ఏ విషయం మాట్లాడబోతున్నారో ఒక ఈమెయిల్‌లో రాసి గైడ్ నుంచి సరేనన్న మాట తీసుకోండి. ప్రచురణ కాని డేటా ఎంతవరకు చూపించొచ్చో అందులోనే అడగండి. పేటెంట్‌కు అవకాశం ఉన్న పని అయితే దరఖాస్తు వేసేదాకా దాని వివరాలు ఏ వేదిక మీదా నోరు జారకూడదు, ముందే బయటపెడితే కొత్తదనం పోయిందని దరఖాస్తు తిరస్కరించే ప్రమాదం ఉంది. రోగుల వివరాలతో పనిచేసేవాళ్లు ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన మాట దాటి ఒక్క ఫొటో కూడా చూపించకూడదు.

గైడ్ వద్దంటే? మీ పని గురించి కాకుండా మీ రంగం గురించి మాట్లాడతానని అడిగి చూడండి. చాలామంది దానికి ఒప్పుకుంటారు.

మూడో అడుగు: మొదటి వేదికను చిన్నదిగా ఎంచుకోండి

అన్నిటికన్నా తేలిక దారి మీ సంస్థ ఓపెన్ డే, అంటే బయటివాళ్లను లోపలికి రానిచ్చి లాబ్ చూపించే రోజు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో అదే రోజున రామన్ ఎఫెక్ట్‌ను కనుగొన్నారు. సెప్టెంబర్ 26 దేశమంతా లాబ్‌లు నడిపే కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ స్థాపన దినం. ఈ రెండు తేదీల చుట్టూ ఉప్పల్ రోడ్డు, తార్నాక లాబ్‌లకు బడి పిల్లలు బస్సుల్లో వస్తారు. వాలంటీర్‌గా పేరు ఇచ్చి ఒక బల్ల దగ్గర నిలబడండి. ఒకే విషయం ఒక పూటలో ముప్పై నలభై సార్లు చెప్పాల్సి వస్తుంది. పదోసారి చెప్పేటప్పటికే అనవసరమైనవన్నీ రాలిపోతాయి. ఏ వర్క్‌షాప్‌లోనూ దొరకని శిక్షణ అది. సీఎస్‌ఐఆర్ లాబ్‌లలో ఉన్నవాళ్లకు 2017లో మొదలైన జిజ్ఞాస కార్యక్రమం కూడా ఉంది. విద్యార్థులను, శాస్త్రవేత్తలను కలపడమే దాని పని.

పెద్దవాళ్లతో మాట్లాడాలంటే బంజారాహిల్స్‌లోని సభలు, చర్చలు జరిగే లామకాన్ ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివే వందలమంది యువత ఉంటారు. జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాలు దశాబ్దాలుగా ఊళ్లలో సైన్స్ ప్రచారం చేస్తున్నాయి. వాళ్లతో కలిస్తే మైకు, కుర్చీలు, జనం అన్నీ సిద్ధంగా ఉంటాయి, మీరు మాట సిద్ధం చేసుకుంటే చాలు.

నాలుగో అడుగు: ప్రభుత్వ బడిలో ఒక పీరియడ్

నా దృష్టిలో యువ శాస్త్రవేత్తకు దీన్ని మించిన వేదిక లేదు. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

హెడ్మాస్టర్‌కు మీ సంస్థ లెటర్‌హెడ్ మీద ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. వెళ్లేముందు సైన్స్ టీచర్‌తో ఫోన్‌లో మాట్లాడి ఆ వారం ఏ పాఠం నడుస్తోందో కనుక్కోండి. జనవరి తర్వాత పదో తరగతిని అడగొద్దు, వాళ్లు పరీక్షల టెన్షన్‌లో ఉంటారు. ఎనిమిది, తొమ్మిది తరగతులు సరైనవి. పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నా పిల్లలు ప్రశ్న అడిగేది తెలుగులోనే. పాతబస్తీ బడులకైతే ఉర్దూ బాగా వచ్చిన లాబ్ మిత్రుణ్ని వెంట తీసుకెళ్లండి.

ప్రొజెక్టర్ మీద ఆశ పెట్టుకోకండి. కరెంటు ఉండకపోవచ్చు, కిటికీకి కర్టెన్ ఉండకపోవచ్చు. చేత్తో పట్టుకునే వస్తువు తీసుకెళ్లండి. నేను ఒక గ్రానైట్ ముక్క తీసుకెళ్తాను. మౌలాలి గుట్ట, ఖాజాగూడ రాళ్లు చూడని పిల్లలు ఈ నగరంలో తక్కువ. ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు అని చెప్పగానే ఒక్క క్షణం గది నిశ్శబ్దమవుతుంది. తర్వాత రాయి చేతులు మారుతుంది. మీ రంగానికి కూడా ఇలాంటి ఊరి వస్తువు ఒకటి ఉంటుంది. దోమల మీద పనిచేసేవాళ్లకు బేగంపేట ఉంది. మలేరియా పరాన్నజీవిని దోమ పొట్టలో బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది బేగంపేట ఉన్న ఆ సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. చిరుధాన్యాల మీద పనిచేసేవాళ్లు గుప్పెడు జొన్నలు పట్టుకెళ్తే చాలు.

నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో మీ మాట ఇరవై నిమిషాలు దాటకూడదు. ఐదు నిమిషాలు రాయి, పది నిమిషాలు ఒక ప్రయోగం, ఐదు నిమిషాలు "నేను రోజూ లాబ్‌లో ఏం చేస్తాను". మిగిలినదంతా పిల్లలది.

నా ప్రయోగం ఫ్లోరైడ్ టెస్ట్ కిట్. నీళ్లలో మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే ఆ రంగు పసుపు వైపు జారుతుంది. ఆ మందులో ఆమ్లం ఉంటుంది కాబట్టి చుక్కలు నేనే వేస్తాను, పిల్లలు రంగు చూసి చార్టుతో పోలుస్తారు. ఒకసారి పిల్లల్ని ఇంటి నుంచి నీళ్లు తెమ్మని, సీసాల మీద వాళ్ల పేర్లు రాయించాను. ఒక బాబు నీళ్లు పసుపు పచ్చగా మారగానే వెనక బెంచీ నుంచి "వాళ్లింట్లో విషం" అని అరిచారు. ఆ బాబు మొహం నాకు ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి సీసాల మీద నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో టీచర్‌కు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎక్కువ వచ్చిన ఇంటికి కబురు విడిగా వెళ్తుంది.

"మరిగిస్తే పోతుందా సార్?" అని ప్రతి బడిలోనూ అడుగుతారు. పోదు. మరిగిస్తే నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అక్కడే ఉండి ఇంకా చిక్కబడుతుంది. క్రిములకు పనికొచ్చే ఉపాయం దీనికి పనికిరాదని ఆ ఒక్క పీరియడ్‌లో తెలిసినా, ఆ పిల్లలు ఇంటికెళ్లి చెప్తారు.

జవాబు తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, కనుక్కుని మీ టీచర్‌కు మెసేజ్ పెడతాను" అనండి. తప్పకుండా పెట్టండి.

ఐదో అడుగు: రాయండి

మాట గాలిలో కలిసిపోతుంది, రాత నిలుస్తుంది. మొదటి వ్యాసం ఆరు వందల మాటలు దాటనివ్వకండి. మొదటి పేరాలో ఒక మనిషో ఒక చోటో ఉండాలి, నిర్వచనం ఉండకూడదు. అంకెలు రెండు మూడుకు మించకుండా చూడండి, ఇచ్చిన అంకెకు కొలత చేర్చండి. ఉదాహరణకు తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఈ ఒక్క సంగతి చాలు, పాఠకుడు తన ఊరి రిపోర్టు తానే చదువుకోగలడు.

ఎక్కడికి పంపాలి? దినపత్రికల సైన్స్, చదువు పేజీలు, పిల్లల కోసం వచ్చే చెకుముకి లాంటి పత్రికలు. 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియా కూడా మంచి సాధన. మీ రంగంలో వ్యాసం లేని పదం ఒకటి పట్టుకుని రాయండి. అక్కడ ప్రతి వాక్యానికీ ఆధారం అడుగుతారు కాబట్టి ఊహలు రాయడం మానేస్తాం. మీ సంస్థలో త్రీ మినిట్ థీసిస్ పోటీ జరిగితే వదలొద్దు. 2008లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన పోటీ అది, ఒకే స్లైడు, మూడు నిమిషాలు. మీ మూడు వాక్యాలు సిద్ధంగా ఉంటే సగం పని అయిపోయినట్టే.

విలేఖరి ఫోన్ చేస్తే

దీన్ని అడుగు అనలేను, ఎందుకంటే ఎప్పుడొస్తుందో చెప్పలేం. నాకు మూడో ఏడులో వచ్చింది. రెండు నమూనాల ఫలితం నోటి మాటగా చెప్పేశాను. మర్నాడు ఆ ఊరి పేరుతో "విషపు నీళ్లు" అని పెద్ద అక్షరాల్లో వచ్చింది. ఊరివాళ్లకు ఆ సంగతి నా నుంచి కాక పేపర్ నుంచి తెలిసింది. వాళ్లకు కోపం రావడం న్యాయమే. అప్పటి నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను. అంకెలు వాట్సాప్‌లో రాసి పంపుతాను, నోటితో చెప్పను. మళ్లీ పరీక్షించని ఫలితం ఎవరికీ ఇవ్వను. ఎవరి నీళ్లో వాళ్లకు ముందు తెలియాలి, పత్రికకు తర్వాతే. ఫోన్ రాగానే జవాబు ఇవ్వక్కర్లేదు. "ఒక గంటలో చేస్తాను" అంటే ఏ విలేఖరీ కాదనరు. ఆ గంటలో గైడ్‌తో మాట్లాడొచ్చు.

ఆరో అడుగు: టైమ్‌కు హద్దు, పనికి లెక్క

జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్) ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్) 42,000. ఐదేళ్లకు ఆ డబ్బు ఆగిపోతుంది, థీసిస్ మాత్రం ఆగదు. అందుకే హద్దు కావాలి. కేంద్ర సైన్స్ శాఖ 2022లో తెచ్చిన శాస్త్రీయ సామాజిక బాధ్యత మార్గదర్శకాలు ఏడాదికి కనీసం పది రోజులు సమాజానికి ఇమ్మంటాయి. పీహెచ్‌డీలో ఉన్నవాళ్లు ఆ పదినే పై హద్దుగా పెట్టుకోండని నా సలహా. థీసిస్ రాసే ఏడాది దాన్ని మూడు రోజులకు తగ్గించండి, ఎవరైనా పిలిస్తే జూనియర్‌ను పంపండి. కాదనడం కూడా నేర్చుకోవాల్సిందే. ప్రత్యేకించి అమ్మాయిల్ని ప్రతి కార్యక్రమానికీ యాంకరింగ్‌కు, పూల బొకేలకు పిలిచే అలవాటు మన సంస్థల్లో ఉంది. అది మీ పది రోజుల్లోకి రాదు. మాట్లాడే అవకాశం ఇస్తేనే వస్తానని చెప్పండి.

చేసిన ప్రతి పనికీ అదే రోజు ఒక ఎక్సెల్ షీట్‌లో వరుస రాయండి: తేదీ, చోటు, ఎంతమంది, ఏం చేశారు, ఏం మారింది. సీవీలో "అనేక సైన్స్ ప్రచార కార్యక్రమాల్లో పాల్గొన్నాను" అని రాస్తే ఎవరూ చదవరు. "నీటి పరీక్ష పాఠం తయారుచేసి నాలుగు ప్రభుత్వ బడుల్లో చెప్పాను, ఒక బడి టీచర్ దాన్ని ఇప్పుడు సొంతంగా చెప్తున్నారు" అని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. రాసిన వ్యాసాలను పరిశోధన పేపర్లతో కలపొద్దు. విడి శీర్షిక కింద పెట్టండి, లేకపోతే సంఖ్య పెంచుకుంటున్నారన్న అనుమానం వస్తుంది.

ఏడో అడుగు: ఉద్యోగానికి ఎలా వాడుకోవాలి

ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలో మీ టాక్ వినే గదిలో మీ రంగం వాళ్లు ఇద్దరు ముగ్గురే ఉంటారు. మిగిలినవాళ్లు ఇతర విభాగాల ప్రొఫెసర్లు. తొమ్మిదో తరగతికి చెప్పిన మొదటి ఐదు నిమిషాలే, అంకెలు చేర్చి, ఆ గదిలోనూ చెప్పండి. నేనలాగే చేశాను. ఫెలోషిప్, గ్రాంట్ దరఖాస్తుల్లో సమాజానికి ఏం చేస్తారని అడిగే భాగం వచ్చినప్పుడు గాలిలో మాటలు కాకుండా మీ ఎక్సెల్ షీట్ తెరవండి. బయోమెడికల్ రంగంలో ఉన్నవాళ్లు పరిశోధనకు నిధులిచ్చే, మన నగరంలోనే ఆఫీసు ఉన్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు, సైన్స్ కమ్యూనికేషన్ వర్క్‌షాప్‌ల ప్రకటనలు చూస్తూ ఉండాలి.

అకడమిక్ ఉద్యోగాలు అందరికీ రావు. అది మీ తప్పు కాదు, ఖాళీలు తక్కువ. సంస్థల్లో సైన్స్ కమ్యూనికేషన్ అధికారి, మ్యూజియం విద్యావేత్త, జర్నల్ ఎడిటర్, గ్రాంట్ల నిర్వహణ, స్వచ్ఛంద సంస్థల్లో నీటి, ఆరోగ్య ప్రాజెక్టులు, పాఠ్యపుస్తకాల రచన, ఇవన్నీ పీహెచ్‌డీ వాళ్లను తీసుకునే పనులే. ఆ దారుల్లో మీరు చూపించాల్సింది రాసిన నమూనాలు, నడిపిన కార్యక్రమాలు. అవి చివరి ఏడాదిలో హడావుడిగా పుట్టవు, రెండో ఏడు నుంచీ పోగవ్వాలి. ఎవరి ఉద్యోగం మీకు నచ్చిందో వాళ్లకు నాలుగు వాక్యాల మెయిల్ రాసి, ఇరవై నిమిషాలు టీ తాగుతూ మాట్లాడొచ్చా అని అడగండి. ఈ నగరంలో చాలామంది సరేనంటారు.

ఎనిమిదో అడుగు: ఫలితం తిరిగి తీసుకెళ్లండి

ఎవరి నీళ్లు, ఎవరి రక్తం, ఎవరి పొలం మట్టి మీరు తెచ్చుకున్నారో వాళ్లకు ఫలితం చేరాలి. దీనికి ఖర్చు, ఒక రోజు సమయం ప్రాజెక్టు మొదట్లోనే రాసుకోండి. కాగితం ఒక పేజీ దాటకూడదు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. బోరు నంబరు, వచ్చిన అంకె, పక్కన మూడు మాటల్లో ఒకటి: "తాగొచ్చు", "వంటకు, తాగడానికి వద్దు", "మళ్లీ పరీక్షించాలి". బట్టలకు, స్నానానికి వాడుకోవచ్చన్న మాట కూడా రాయండి, లేకపోతే భయంతో బోరే మూసేస్తారు. తాగడానికి బదులు ఏ నీళ్లు వాడాలో, మిషన్ భగీరథ నల్లా ఉందో లేదో ముందే సర్పంచ్‌తో మాట్లాడి ఆ వాక్యం చేర్చండి. వద్దని చెప్పి, దారి చూపించకుండా రావడం తప్పు.

నేను ఆ కాగితం పట్టుకుని మర్రిగూడ వైపు మళ్లీ వెళ్లేసరికి ఏడాదిన్నర అయింది. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి, బోరు బోరుకూ వెళ్లి చదివి వినిపించాను. అవ్వ ఇంటి ముందు బోరుకు "వంటకు, తాగడానికి వద్దు" అని వచ్చింది. ఆమె కాగితం చేతిలోకి తీసుకుని, "నాకు సదువు రాదు, మా మనుమరాలికి ఇస్త" అని మడిచి కొంగున కట్టుకుంది. తర్వాత పక్క వీధిలో కొత్తగా వేసిన బోరు దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, దాని నీళ్లు కూడా చూడమంది. బ్యాగులో ఖాళీ సీసా ఒకటి ఉంది. బోరు ఎంత లోతని ముందు అడిగి, రాసుకున్నాను.